పాతికెకరాల మంచు

డీకన్ కొండ మీద మంచు పాతికెకరాలు ఉంటే దాన్ని గ్లేసియర్ అంటారు. తగ్గితే అనరు. పుస్తకాల్లో హిమానీనదం అని అంత పెద్ద పేరున్న వస్తువుకి అమెరికావాళ్ళు పెట్టుకున్న హద్దు చివరికి ఇదీ, మన పొలం దస్తావేజుల్లో మాదిరి ఎకరాల లెక్క. పాతిక దాటి ఉన్నంతకాలం దాని పేరు ఒక జాబితాలో ఉంటుంది. దాన్ని ఏటా కొలవడానికి హోబర్ట్ ఊళ్ళో ఒక చెక్క ఆఫీసుంటుంది. ఆ ఆఫీసులో ఒక మనిషి ఉంటుంది. పదమూడేళ్ళుగా ఆ మనిషి ఛాయాదేవి.

నర్సీపట్నం పిల్ల. విశాఖలో జియాలజీ చదివింది. తండ్రి సర్వేయరు, గొలుసు పట్టుకుని ఎండలో ఊళ్ళు తిరిగి, హద్దురాయి జానెడు జరపమని బతిమాలినవాళ్ళ మీద ఇంతెత్తున లేచి, రిటైరయ్యేనాటికి ఒక సైకిలూ చాలామంది శత్రువులూ సంపాదించుకున్నవాడు. కూతురు మోంటానాలో మంచు కొలుస్తుందంటే, “అది కరిగిపోయేది కదా, దానికి హద్దులేమిటే?” అని అడిగాడట. నవ్వులాటకి అడిగాడు, పాపం.

కెస్ట్రెల్ లోయ చూడటానికి ఎంత బావుంటుందో బతకడానికి అంత కష్టం. మూడు వైపులా కొండలు, అన్నిటికన్నా ఎత్తైనది డీకన్. దాని భుజం మీద ఆ గ్లేసియర్. దాని కింద హోబర్ట్: పోస్టాఫీసు, పెట్రోలు బంకు, వేసవిలో మాత్రం తెరిచే ఒక డైనర్. ఇంకా దిగువన, వాగు పక్కన, మిల్ ఫ్లాట్ అని పదకొండు ఇళ్ళ పల్లె. మామూలు కిరాణాకి గంటన్నర కారు. కందిపప్పు కావాలంటే స్పోకేన్, ఐదు గంటలు. చలికాలం దారి మూసేస్తే అదీ లేదు. ఆ లోయ మొత్తానికి తెలుగు ప్రాణాలు మూడే మూడు: ఛాయాదేవి, ఆమె భర్త తేజేశ్వర్, వచ్చేనాటికి ఏడేళ్ళున్న కూతురు అవని. తేజేశ్వర్ పోయాక రెండు.

ఆయన పోవడం కూడా ఆ లోయ పద్ధతిలోనే పోయాడు. 2018 జనవరి, నడుము లోతు మంచు, ఛాతీలో నొప్పి. అంబులెన్సు హైవే దగ్గర ఆగిపోయింది. మిల్ ఫ్లాట్ నుంచి రూత్ అనే ముసలావిడ తన ట్రాక్టరుకి మంచు తోసే పలక తగిలించుకుని, తొమ్మిది మైళ్ళు దారి చేసుకుంటూ అంబులెన్సుని వెంటబెట్టుకొచ్చింది. అప్పటికే అయిపోయింది. రూత్ మూడు రోజులు ఆ ఇంట్లోనే ఉంది. పదమూడేళ్ళ పిల్లని పక్కలో వేసుకు పడుకుంది, పెట్టిన పెరుగన్నం తింది, ఒక్క ఓదార్పు మాట కూడా అనలేదు. అలాంటి మనిషిని గుర్తుపెట్టుకోండి అని నేను చెప్పక్కర్లేదు, ఛాయాదేవి ఆవిణ్ణి మర్చిపోయిందని కూడా అనను. మర్చిపోయి చేస్తే సగం నయం.

ఇక అవని సంగతి. ఆ పిల్లకి తెలుగు సగం వచ్చు, కొండలు పూర్తిగా వచ్చు. ఏ వాలు మీద మంచు జారుతుందో, ఏ గుర్రం తంతుందో, ఏ నెలలో వాగు దాటొచ్చో హోబర్ట్‌లో పుట్టినవాళ్ళకన్నా దానికే ఎక్కువ తెలుసు. కొండల్లో తప్పిపోయినవాళ్ళని వెతికే జట్టులో పద్దెనిమిదేళ్ళకే చేరింది. జీతం లేకుండా. ఎందుకంటే జీతం తీసుకోకూడదు. అమ్మ హెచ్-వన్ వీసా మీద, పిల్ల అమ్మ మీద. డైనర్ ఆవిడ వేసవిలో ప్లేట్లు అందించడానికి రమ్మంటే కూడా, “వద్దు ఆంటీ, నాకు వర్క్ పర్మిట్ లేదు” అని చెప్పుకోవలసి వచ్చింది. ఆవిడ నమ్మలేదు. “నువ్వు ఇక్కడి పిల్లవే కదా?” అంది.

ఇక్కడి పిల్ల కాదని చెప్పే తారీకు ఒకటుంది. 2025 నవంబరు తొమ్మిది. ఆ రోజుకి అవనికి ఇరవై ఒకటి నిండుతుంది, తల్లి కాగితాల కింద నుంచి పిల్ల పేరు ఊడిపోతుంది. ఆ లోపు గ్రీన్‌కార్డు క్యూలో ఛాయాదేవి వంతు రావాలి. వంతు వచ్చేదాకా ఉద్యోగం ఉండాలి. ఉద్యోగం ఉండాలంటే కొండ మీద పాతికెకరాల మంచు ఉండాలి. ఇదీ లంకె. క్యూలో వంతు ఏ తారీకు దాకా వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ నెల నెలా వచ్చిన రోజున ఆ ఇంట్లో అన్నం సహించేది కాదు. డేటు రెండు వారాలు ముందుకు జరిగితే పండగ, ఏడాది వెనక్కి పోతే ఏడుపు. ముందుకి పోయింది తక్కువ.

2023 జులైలో, మనవాళ్ళు కిక్కిరిసి ఉండే ఆష్‌బర్న్ ఊరి నుంచి రష్మి వచ్చింది. విశాఖలో ఛాయాదేవి జూనియరు, తర్వాత కంప్యూటర్లలోకి మారి బాగుపడింది. మూడు కుటుంబాలు, రెండు వ్యాన్లు, బకెట్టుడు పులిహోర, కరెంటు కుక్కరు. పిల్లలంతా ఫోన్లు ఎత్తి పట్టుకుని కొండకేసి చూస్తుంటే రష్మి నడుము మీద చేతులు పెట్టుకుని పెదవి విరిచింది.

“ఇదేనా అక్కా నీ గ్లేసియర్? ఫోటోల్లో ఎంత గ్రాండ్‌గా ఉంటుందీ! ఇక్కడికొచ్చి చూస్తే దుప్పటి ఆరేసినట్టుంది!”

“పోయినేడు ఇరవై ఏడెకరాలు,” అంది ఛాయాదేవి. “పాతిక దాకా పర్లేదు.”

“తగ్గితే?”

“ప్రోగ్రామ్ క్లోజ్ చేస్తారు. నాకు అరవై రోజులు గ్రేస్. తర్వాత పెట్టే బేడా సర్దుకోవడమే.”

“మరి అవని?”

ఛాయాదేవి పేపరు ప్లేట్లు లెక్కపెట్టసాగింది. రష్మి పులిహోర ప్లేటు ఆమె చేతిలో పెట్టి గొంతు తగ్గించింది.

“చూడక్కా, నువ్వు సత్యహరిశ్చంద్రుడి చెల్లెల్లా కూర్చోకు. మా దగ్గర ఒకాయన ప్రాజెక్ట్ ఎప్పుడో అయిపోయింది, పేపర్ మీద మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. మేనేజర్‌కి తెలుసు, అందరికీ తెలుసు. వంతొచ్చి డేట్ కరెంట్ అయ్యేదాకా ఎలాగోలా లాగించాలి. మనవాళ్ళం చేసేదంతా అదే కదా. ఎవరి కొంప మునిగింది చెప్పు?”

“మంచుని ఎలా లాగిస్తానే పిచ్చిదానా,” అని నవ్వేసింది ఛాయాదేవి.

నవ్వితే నవ్వింది గానీ, మాట లోపలికి దిగింది. రష్మి చెడ్డది కాదు. ఆ ఊళ్ళలో మనవాళ్ళు అలాగే బతుకుతున్నారు, చచ్చిన ప్రాజెక్టులకి ఊపిరి ఊదుకుంటూ, డేటు కోసం మెడ చాచుకుని. అక్కడ ఆ అబద్ధం కంప్యూటర్లోనే పుట్టి కంప్యూటర్లోనే పోతుంది. మంచు కింద వాగుంటుంది. ఆ తేడా ఛాయాదేవికి తెలియకపోలేదు.

సెప్టెంబరు రెండో శనివారం తల్లీ కూతుళ్ళు కొలతలకి ఎక్కారు. గ్లేసియర్‌ని కొలవాల్సింది అప్పుడే. పాత మంచు కరగడం ఆగి, కొత్త మంచు ఇంకా పడకముందు, అంచులు ఉన్నవి ఉన్నట్టు కనిపించే పది పదిహేను రోజుల్లో. వసంతంలో మంచులో పాతిన గొట్టాలు మంచు కరిగి ఎంత బయటపడ్డాయో చూసి రాసుకోవాలి, జీపీఎస్ వీపున వేసుకుని అంచు చుట్టూ నడవాలి. ఆ నడకే హద్దు. అవని ఊరికే వచ్చేది, సాయానికి. ఊరికే చేసే పనికి కాగితం అడ్డురాదు.

ఆ రోజు మంచు మధ్యలో రాయి కనిపించింది.

గ్లేసియర్ మధ్యలో కాస్త కుడిపక్కకి, పై నుంచి కింద దాకా, నల్లటి రాతి గట్టు. పోయినేడు అక్కడక్కడా మచ్చల్లా ఉన్నది ఇప్పుడు గీత గీసినట్టు మంచుని రెండు చెక్కలు చేసింది. అవని టేపు ఒక కొస పట్టుకుని ఇవతల మంచు అంచున నిలబడింది, ఛాయాదేవి రెండో కొసతో అవతలికి వెళ్ళింది. పదకొండు మీటర్లు. ఎడమ ముక్క ఇరవై ఒక్క ఎకరాలు, కుడి ముక్క ఐదు. కలిపితే ఇరవై ఆరు. కలిసి లేవు. నియమం ప్రకారం ఏ ముక్కకి ఆ ముక్కే, రెంటిలో ఏదీ పాతిక కాదు.

ఛాయాదేవి ఆ రాతి మీద చాలాసేపు కూర్చుంది. అవని టేపు చుట్టుకుంటూ వచ్చింది.

“అమ్మా, ఇది రాక్ కదా? అంతా?”

“పైన రాళ్ళు పరుచుకున్నాయంతే,” అంది ఛాయాదేవి. “కింద ఐసే ఉంది. అలా ఉంటుంది ఒక్కోసారి.”

అలా ఉంటుంది, నిజమే. రాళ్ళ కింద మంచు దాగి ఉండటం ఎక్కడైనా ఉన్నదే, పుస్తకంలోనూ ఉంది. కానీ ఇది పరుచుకున్న రాళ్ళు కాదు. కొండ ఎముక. వేల ఏళ్ళు మంచు ఒరుసుకుపోయిన గీతలు దాని మీద బారులు తీరి ఉన్నాయి. అవని బూటు మొనతో ఆ గీతల మీద ఒకసారి రాసింది. తల్లి వంక చూసింది. “ఓకే,” అంది. టేపు సంచిలో పెట్టేసింది.

ఛాయాదేవి రిపోర్టులో ఒకటే గ్లేసియర్ అని రాసింది, ఇరవై ఆరు ఎకరాలు. ఫోటోలు ఆ రోజువి పెట్టలేదు. అక్టోబరు మొదటివారం తొలి మంచు కురిసేదాకా ఆగి, మళ్ళీ ఎక్కి, రాతి గట్టు తెల్లగా కప్పుకుపోయాక తీసి పంపింది. సర్వేయరు కూతురు. హద్దురాయి జరపడమంటే ఏమిటో ఆమెకి ఎవరూ నేర్పనక్కర్లేదు. రిపోర్టు పంపిన రోజు వంటింట్లో నిలబడి, “నీ కోసమేనే తల్లీ” అని గోడతో అనుకుంది. గోడ ఒప్పుకుంది.

ఇంతవరకే అయితే నేనీ కథ చెప్పనే చెప్పను. ఒక ఆఫీసు, ఒక జాబితా, ఒక తప్పుడు అంకె. రష్మి అన్నట్టు ఎవరి కొంపా మునగకపోయేది.

ఆ అక్టోబరులోనే బోరు వేసే బండి లోయలోకి వచ్చింది. అలాంటి ఊళ్ళకి అది రావడమే గొప్ప. రెండు వారాలుంటుంది, మళ్ళీ ఎన్నేళ్ళకో. రూత్‌కి ముప్ఫై ఎనిమిది ఆవులు, వాగు ఒడ్డున గడ్డి భూమి. ఆ వాగులో జులై దాకా పారేది చలికాలపు మంచు. ఆగస్టులో పారేది మాత్రం గ్లేసియర్ నీళ్ళే. డెబ్భై దాటిన మనిషి, బోరు అంటే చిన్న ఖర్చు కాదు, కింద అంతా రాయి. అందుకని కొండని కొలిచే మనిషినే అడుగుదామనుకుంది. అవని ఆవుల దగ్గరికి వెళ్ళినప్పుడు చెప్పి పంపింది: మీ అమ్మని కనుక్కో, బోరు ఇప్పుడే వేయించనా, కొన్నాళ్ళు ఆగొచ్చా?

అవని వచ్చి అడిగింది. ఛాయాదేవి చారుకి పోపు పెడుతోంది. చేయి ఆగలేదు.

ఆమె లెక్క ఆమెకుంది. రూత్‌తో వేయించమంటే రూత్ ఊళ్ళో చెబుతుంది. ఇంకో ఇద్దరు వేయిస్తారు. గ్లేసియర్ పని అయిపోయిందటగా అని పోస్టాఫీసులో మొదలైన మాట కౌంటీ దాకా పోతుంది. కౌంటీ నుంచి ఎవరో ఒకరు తన రిపోర్టు తీసి చూస్తారు. చేత్తో ఇరవై ఆరు ఎకరాలని రాసి, నోటితో బోరు వేయించుకోమని ఎలా చెబుతుంది?

“పదేళ్ళ దాకా ఢోకా లేదని చెప్పు,” అంది. “ఆగమను.”

అవని గుమ్మంలోనే నిలబడింది. “షూర్‌గా చెప్పనా?”

“ఆఁ. అమ్మ చెప్పిందని చెప్పు.”

అవని వెళ్ళి చెప్పింది. రూత్ బండివాళ్ళని వద్దనేసింది. ఆ పిల్ల మాట అంటే ఆవిడకి అంత నమ్మకం.

ఆ తర్వాత అవని కొలతలకి రావడం మానేసింది. కాలేజీలో చేరింది, మూడు గంటల దూరం, సెలవులకీ శని ఆదివారాలకీ వచ్చేది. వచ్చి ఇంట్లో ఉండేది కాదు. తెల్లారితే రూత్ దగ్గరే. కంచెలు కట్టడం, గడ్డి మోయడం, దూడలకి పాలు పట్టడం, కొట్టం కడగడం. చేతులు కాయలు కాసిపోయాయి. ఛాయాదేవి మొదట్లో మురిసిపోయింది, పిల్లకి ఆవులంటే ప్రాణమని. తర్వాత విసుక్కుంది.

“ఊరికే ఎందుకే అంత చాకిరీ? ఆవిడ పనివాళ్ళని పెట్టుకోలేదా?”

“నాకు ఎలాగూ పే చెయ్యకూడదు కదా అమ్మా,” అనేది అవని, బూట్లు తొడుక్కుంటూ.

2024లో ఛాయాదేవి ఒక్కతే ఎక్కింది, సరాసరి తొలి మంచు పడ్డాకే. ఇరవై అయిదున్నర అని రాసింది. ఆమెకి జీతమిచ్చే ఇన్‌స్టిట్యూట్ నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం కూడా వచ్చింది, చుట్టుపక్కల అన్నీ కరిగిపోతుంటే డీకన్ బాగా నిలబడిందని. ఆ ఉత్తరం చదివి ఆమె నిజంగానే కాస్త సంతోషపడింది. మనిషికి సిగ్గు ఎంత త్వరగా అలవాటైపోతుందో చూడండి. బులెటిన్ డేటు ఆ ఏడాది నత్తనడక నడిచింది. నడుస్తోంది కదా, చాలు, అనుకుంది.

2025 చలికాలం కొండల మీద మంచు సరిగ్గా పడలేదు. జూన్‌లోనే ఎండలు మండిపోయాయి. ఆగస్టు ఆరో తారీకున మిల్ ఫ్లాట్ దగ్గర వాగు ఆగిపోయింది. సన్నబడటం కాదు, ఆగిపోయింది. రాళ్ళ మధ్య గుంటల్లో ఇంత నీళ్ళు, అందులో చేపలు కొట్టుకుంటున్నాయి. ఊళ్ళో డెబ్భై ఏళ్ళవాళ్ళెవరూ అలాంటిది చూడలేదు. రూత్ ట్యాంకరుతో హైవే దగ్గర్నుంచి నీళ్ళు తోలింది. బోరు బండికి ఫోన్ చేస్తే వచ్చే ఏడాది చివర్లో చూస్తామన్నారు. అవని కాలేజీ తెరిచేదాకా ఆవిడ పక్కనే ఉంది, రోజుకి నాలుగు ట్రిప్పులు ట్యాంకరు నడిపి. గడ్డి ఎండిపోయింది, ఆవులు ఎముకలు తేలాయి. సెప్టెంబరు వచ్చేసరికి రూత్ చేతులెత్తేసింది. మొత్తం మందని అమ్మకానికి పెట్టింది. లారీలు పందొమ్మిదిన వస్తాయి. ఇరవయ్యో, ఇరవై ఒకటో లేదు, పందొమ్మిదినే, అన్నీ ఒక్కసారే పోవాలి అందట, ఒకటొకటిగా చూడలేనని.

ఛాయాదేవి ఆ నెలారంభంలో కొండెక్కింది. ఈసారి మంచు పడకముందే. ఎందుకు వెళ్ళిందో ఆమెకే తెలియదు. ఎడమ ముక్క పద్దెనిమిదెకరాలు. కుడి ముక్క మూడు, అదీ మట్టి కొట్టుకుపోయి. మధ్య రాతి మీద బస్సు నడపొచ్చు. గొట్టాలు కొన్ని పూర్తిగా బయటపడి పక్కకి ఒరిగిపోయి ఉన్నాయి. కిందికి వచ్చి ఎవరికీ ఏమీ చెప్పలేదు. తొలి మంచు కోసం ఎదురుచూడటం మూడో ఏడూ మొదలుపెట్టింది. అంత చూశాక కూడా.

పదిహేడో తారీకున బులెటిన్ వచ్చింది. డేటు కొంచెం కదిలింది. ఆమె వంతుకి ఇంకా ఏడాది పైచిలుకు దూరంలో ఆగిపోయింది. నవంబరు తొమ్మిదిలోగా రాదు, దేవుడు దిగొచ్చినా రాదు. అవనికి ఫోన్ చేసి చెప్పింది.

“స్టూడెంట్ వీసాకి మారొచ్చుట,” అంది ఛాయాదేవి. “చదువున్నన్నాళ్ళూ...”

“తెలుసమ్మా. మా ఇంటర్నేషనల్ ఆఫీస్‌లో అడిగాను. చదువయ్యాక నా కంట్రీకి తిరిగి వెళ్ళిపోతానని చెప్పాలి.” అవని నవ్వింది, ఆ నవ్వు వినకూడని నవ్వు. “ఎక్కడికి వెళ్తానని చెప్పను? నర్సీపట్నం స్పెల్లింగ్ కూడా రాదు నాకు.”

మర్నాడు సాయంత్రం రూత్ వచ్చింది. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. కవరొకటి బల్ల మీద పెట్టింది. అవని గురించి ఉత్తరం, ఎవరికి పంపాలో తెలియక పేరు ఖాళీగా వదిలేసింది. ఈ పిల్ల నాకు తెలిసిన మనుషులందరిలోకీ నిజాయితీపరురాలు అని రాసి ఉంది, వంకర టింకర అక్షరాలతో.

“నువ్వు బోరు విషయం మనసులో పెట్టుకోకు,” అంది రూత్ తన ఇంగ్లీషులో, ఆ లోయవాళ్ళు మాట్లాడేంత నెమ్మదిగా. “నీకు తెలిసింది నువ్వు చెప్పావు. వాతావరణం మనిద్దర్నీ మోసం చేసింది.”

తిడితే బావుండేది. ఒక చెంపదెబ్బ కొట్టినా బావుండేది. ఛాయాదేవి కాఫీ పెట్టి ఇచ్చింది, ఆవిడ తాగి వెళ్ళిపోయింది.

శుక్రవారం, పందొమ్మిది. పొద్దున్నే ఛాయాదేవి అసలు మ్యాపు గీసింది. రెండు ముక్కలు, పద్దెనిమిదీ మూడూ, మధ్యలో రాయి. 2023 సెప్టెంబరులో తీసి దాచిన ఫోటోలు కూడా జతచేసి, ముందటి రెండు రిపోర్టులూ తప్పు, తెలిసే రాశాను అని ఇన్‌స్టిట్యూట్‌కి పంపేసింది. పంపాక చేతులు కడుక్కుంది. ఇదేదో గొప్ప ధర్మం అనుకునేరు. నవంబరులోగా వంతు వచ్చేట్టుంటే ఆ ఫోటోలు బయటికి వచ్చేవా? రావు. రూత్ ఆవులు పోయినా వచ్చేవి కావు. అది ఛాయాదేవికీ తెలుసు. దాచుకునేందుకు ఇంకేమీ మిగలనప్పుడు చెప్పే నిజం అది, దాని విలువ ఎంతో అంతే.

కారు తీసుకుని మిల్ ఫ్లాట్ వెళ్ళింది. రెండు పెద్ద లారీలు వెనక్కి తిప్పి నిలబెట్టి ఉన్నాయి. ఆవులు బల్లచెక్క మీద నుంచి ఎక్కనని మొరాయిస్తుంటే, అవని క్లాసులు ఎగ్గొట్టి తెల్లవారుజామునే వచ్చినట్టుంది, ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలుస్తూ, మెడ మీద చేయి వేసి ఎక్కిస్తోంది. మొహం నిండా దుమ్ము. తల్లిని చూసి కూడా పని ఆపలేదు.

రూత్ కంచె దగ్గర నిలబడి ఉంది. ఛాయాదేవి వెళ్ళి చెప్పింది. నిలబడే చెప్పింది, తిప్పకుండా, మధ్యలో ఎక్కడా నీళ్ళు నమలకుండా. రాతి గట్టు, రెండు ముక్కలు, కొత్త మంచు పడ్డాక తీసిన ఫోటోలు, బోరు వద్దని కబురు. వీసా గురించీ, అవని పుట్టినరోజు గురించీ చెప్పబోయి, ఆ ముసలి మొహం చూసి ఆపేసింది.

రూత్ ఆవులవైపు తిరిగింది.

“రెండేళ్ళు,” అంది. “నిన్న నీ బల్ల దగ్గర కూర్చున్నాను. అప్పుడూ చెప్పలేదు.”

“చెప్పలేదు.”

“మీ ఆయన పోయినప్పుడు నేను తోసిన మంచు ఎంతో ఎప్పుడైనా కొలిచావా?”

“కొలవలేదు.”

“పిల్లకి తెలుసా?” అంది రూత్.

“తెలీదు,” అంది ఛాయాదేవి గబగబా. ఆ ఒక్క మాటలో ప్రాణమంతా పెట్టి అంది. “ఒట్టు, దానికేం తెలీదు. నేను చెప్పమన్న మాట నమ్మి నీకు చెప్పింది. దానిమీద కోపం పెట్టుకోకు, రూత్.”

రూత్ తల ఊపింది. “పోనీ. ఒక్కదాని మీద కోపం చాలు నాకు. ఇద్దరి మీదా మోసే వయసు కాదు.”

“నాకు తెలుసు, రూత్.”

అవని. ఎప్పుడు దిగి వచ్చిందో, లారీ పక్కన నిలబడి ఉంది. ఇంగ్లీషులోనే అంది, వణకకుండా. “అమ్మ తప్పు చెప్తోంది. నాకు తెలుసు. ఆ రోజు టేపు పట్టుకుంది నేనే. అది రాయని చూశాను. నీకు ఆగమని చెప్పినప్పుడు కూడా నాకు తెలుసు.”

లారీలో ఒక ఆవు అరుస్తోంది. రూత్ ఆ పిల్ల చేతుల వంక చూసింది, కాయలు కాసిన చేతులు, రెండేళ్ళ చాకిరీ చేతులు. ఏదో అర్థమైనట్టు ఆవిడ నోరు ఒకసారి తెరుచుకుని మూసుకుంది. అవని ఒక అడుగు ముందుకు వేసింది. రూత్ చేయి అడ్డం పెట్టింది, రావద్దన్నట్టు.

“ఇంటికి వెళ్ళండి,” అంది. “ఇద్దరూ.”

మిగతా ఆవుల్ని లారీవాళ్ళు కర్రలతో అదిలించి ఎక్కించారు.

కారు ఎండిపోయిన వాగు పక్కన పైకి వస్తోంది. ఛాయాదేవికి స్టీరింగు కనిపించడం లేదు, పక్కకి తీసి ఆపింది. ఈ రెండేళ్ళూ తన పాపం తన ఒక్కదానిదే అనుకుంది. పిల్ల శుభ్రంగా ఉందని, తాను మోస్తున్నందుకు పిల్ల తేలిగ్గా ఉందని అనుకుంది. ఆ ఒక్క ఊరటతోనే అన్నం తింది.

“ఎందుకే చెప్పలేదు నాకు?” ఏడుపులో మాట ముక్కలైంది. “నీకు తెలుసని ఒక్క మాట అని ఉంటే, అప్పుడే ఆపేసేదాన్ని కదే!”

అవని కిటికీలోంచి బయటికి చూస్తోంది.

“ఆపేస్తావనే చెప్పలా,” అంది. “నాకూ ఇక్కడే ఉండాలని ఉంది కదమ్మా.”